ఇచ్చినదా, గుంజుకున్నదా? – అవయవదానం మీద ధమ్మ విచారణ

కావలి పక్కన తుమ్మలపెంట మొదలుకొని కింద వాకాడు, తూపిలిపాలెం దాకా మన తీరం పల్లెల్లో డయాలసిస్ అనే మాట ఇప్పుడు ఎవరికీ కొత్త కాదు. బీపీ, షుగరు ముదిరి కిడ్నీలు చెడిపోయిన మనిషి వారానికి రెండు మూడు సార్లు, ఒక్కోసారి నాలుగేసి గంటలు మిషను పక్కన పడుకోవాలి. ఆరోజు కూలి పోతుంది. తోడు వచ్చిన వాళ్ళ కూలీ పోతుంది. రొయ్యల గుంటల కాడ పని అయినా, ఉప్పు కయ్యల్లో పని అయినా, నాగా పెట్టే మనిషిని ఎవరూ ఎక్కువ కాలం పెట్టుకోరు. ప్రభుత్వం చికిత్సకు కార్డు ఇచ్చింది, డయాలసిస్ రోగులకు నెలకు 10,000 రూపాయల పింఛనూ ఇస్తోంది. అది మేలే. కానీ మిషను మనిషిని బతికి ఉంచుతుంది, మళ్ళీ పనిలోకి పంపదు. మనిషి తేరుకుని లేచి తిరగాలంటే చాలామందికి ఉన్న దారి కిడ్నీ మార్పిడి. అందుకు ఇంకో మనిషి కిడ్నీ కావాలి.

ఆ ఇంకో మనిషి ఎవరు? బతికున్నవాడా, చనిపోయినవాడా? మనసారా ఇచ్చాడా, అప్పుకు ఇచ్చాడా, తెలియక ఇచ్చాడా? ఇది డాక్టర్లకు వదిలేసే ప్రశ్న కాదు. మనిషికీ మనిషికీ మధ్య సంబంధం ఎలా ఉండాలో చెప్పేదే ధమ్మం అని బాబాసాహెబ్ మనకు నేర్పారు. ఒకరి ఒంట్లోని అవయవం ఇంకొకరి ఒంట్లోకి పోవడం కంటే దగ్గరి సంబంధం ఏముంటుంది? కాబట్టి ఇది ధమ్మ ప్రశ్నే.

శిబికి అప్పు లేదు

శరీరదానం బౌద్ధానికి కొత్త కాదు. శిబి రాజు కథ మనందరికీ తెలుసు. పాళీ జాతకంలో ఆయన కళ్ళు ఇచ్చాడు. ఇంకో సంప్రదాయంలో పావురాన్ని కాపాడడానికి తన కండ కోసి ఇచ్చాడు. మన నాగార్జునకొండ శిల్పులు ఆ కథను రాతి మీద చెక్కారు. థేరవాద ఆచార్యులు దాన పారమిని మూడు మెట్లుగా చెప్పారు. బయటి వస్తువులు ఇవ్వడం మొదటిది, అవయవాలు ఇవ్వడం రెండోది, ప్రాణం ఇవ్వడం మూడోది. బాబాసాహెబ్ కూడా 'బుద్ధుడు – ఆయన ధమ్మం' గ్రంథంలో దానం అంటే ఆస్తిపాస్తులే కాదని, రక్తాన్నీ, అవయవాలనూ, అవసరమైతే ప్రాణాన్నీ, తిరిగి ఏమీ ఆశించకుండా పరుల మేలు కోసం ఇవ్వడమని వివరించారు.

అయితే అవయవదానం ధమ్మానికి విరుద్ధమా అనే ప్రశ్న అక్కడితో తీరిపోయినట్టే. కానీ అసలు ప్రశ్న అక్కడే మొదలవుతుంది. శిబి కథలో ఒక సంగతి మనం గమనించాలి. ఆయన రాజు. ఆయన ఎవరికీ బాకీ లేడు. పిల్ల పెళ్ళికి తెచ్చిన వడ్డీ ఆయన నెత్తిన లేదు. మంత్రులు, జనం వద్దని బతిమాలితే కూడా ఆయన తన నిశ్చయం మీద నిలబడి ఇచ్చాడు. ఇవ్వకపోతే తనకు వచ్చే నష్టం ఏమీ లేకపోయినా ఇచ్చాడు. అందుకే అది దానం అయింది.

ఇప్పుడు మన పక్కనే ఉన్న చెన్నై సంగతి చూద్దాం. అక్కడ విల్లివాక్కం అనే పేదల పేటకు ఒకప్పుడు 'కిడ్నీవాక్కం' అని పేరు పడింది. 2004 సునామీ తర్వాత ఇల్లూ వలా పోయి ఎర్ణావూరు శిబిరాల్లో చేరిన మత్స్యకార కుటుంబాల ఆడవాళ్ళు కిడ్నీలు అమ్ముకున్నారని 2007లో దేశమంతా తెలిసింది. అదే సునామీ మన తీరాన్నీ కొట్టింది కాబట్టి ఆ బతుకు ఎట్లా ఉంటుందో మనకు వేరే వాళ్ళు చెప్పనక్కర లేదు.

చెన్నైలో కిడ్నీ అమ్ముకున్న 305 మందిని పరిశోధకులు కలిసి మాట్లాడి, ఆ వివరాలను 2002లో ఒక పేరున్న వైద్య పత్రికలో అచ్చు వేశారు. వాళ్ళలో నూటికి 96 మంది అప్పు తీర్చడానికే అమ్ముకున్నారు. ఎక్కువమంది ఆడవాళ్ళు. చెప్పిన ధర ఒకటి, చేతికి వచ్చింది అంతకంటే తక్కువ. ఆపరేషన్ జరిగి సగటున ఆరేళ్ళు అయింది. అప్పటికీ నాలుగింట మూడొంతుల మందికి అప్పులు అలాగే ఉన్నాయి. కుటుంబ ఆదాయం మూడో వంతు పడిపోయింది. ఎక్కువమంది ఆరోగ్యం మునుపటికంటే చెడిందని చెప్పారు. 'మీలాంటి వాళ్ళు అడిగితే అమ్ముకోమంటారా?' అంటే నూటికి 79 మంది వద్దే వద్దన్నారు.

కిడ్నీ పోయింది, అప్పు పోలేదు. ఇంతకంటే చెప్పేది లేదు.

డబ్బిస్తే అది ఇచ్చినట్టేనా?

కొందరు అడుగుతారు. 'కొనేవాడి ప్రాణం నిలబడింది, అమ్మినవాడికి డబ్బు వచ్చింది. ఇద్దరూ ఇష్టపడే చేశారు. ఇందులో తప్పేంది?'

పంచశీలలో రెండోది గుర్తు తెచ్చుకోండి. మనం దాన్ని 'దొంగతనం చేయను' అని చెప్పుకుంటాం. పాళీలో దాని అర్థం ఇంకా లోతైనది: ఇవ్వనిదాన్ని తీసుకోను. చేతిలో డబ్బు పెట్టినంత మాత్రాన అవతలి మనిషి ఇచ్చినట్టు కాదు. వడ్డీ వాడు వాకిట్లో కూర్చుంటే, బిడ్డ ఆసుపత్రిలో ఉంటే, మనిషి 'సరే' అంటాడు. ఆ 'సరే' అన్నది ఆకలి. 1947లో 'స్టేట్స్ అండ్ మైనారిటీస్'లో బాబాసాహెబ్ ఇదే అడిగారు. పని లేనివాడికి, పస్తులున్నవాడికి కాగితం మీద రాసిన హక్కులు ఎంత విలువ చేస్తాయని. బతుకు భయంతో ఒప్పుకున్న ఒప్పుదలను ఆయన స్వేచ్ఛ అనలేదు.

ఇంకో సంగతి. ఉపాసకుడు చేయకూడని అయిదు వ్యాపారాలను బుద్ధ భగవానుడు చెప్పాడు. ఆయుధాలు, ప్రాణులు, మాంసం, మత్తు, విషం. మనిషి ఒంటిని ముక్కలు చేసి బేరం పెట్టేవాడు ఒక్క దెబ్బకు అందులో ఎన్నిటిని తొక్కుతున్నాడో ఆలోచించండి.

చట్టం కూడా ఇదే మాట అంటోంది. 1994 మానవ అవయవాల మార్పిడి చట్టం అవయవాల అమ్మకాన్ని నేరం చేసింది. 2011 సవరణ తర్వాత అయిదు నుంచి పదేళ్ళ జైలు, 20 లక్షల నుంచి కోటి రూపాయల దాకా జరిమానా. అయినా దందా ఆగలేదు. 2025 జనవరిలో హైదరాబాదు సరూర్‌నగర్‌లో ఒక ఆసుపత్రి మీద అధికారులు దాడి చేస్తే, అక్కడ అనుమతి లేకుండా కిడ్నీ మార్పిడులు జరుగుతున్నట్టు బయటపడింది. కిడ్నీలు ఇచ్చింది పక్క రాష్ట్రాల నుంచి తెచ్చిన పేదలు. వేరే ఊరు, వేరే భాష, వెనక ఎవరూ లేరు. దళారీ అలాంటి వాళ్ళనే వెతుక్కుంటాడు.

ఇంట్లో అడిగితే?

బజారు సంగతి సరే. ఇంట్లో ఇచ్చేది దానమే కదా అంటారు. అమ్మ బిడ్డకిస్తుంది, భార్య భర్తకిస్తుంది. అవి గొప్ప త్యాగాలే. మన దేశంలో జరిగే మార్పిడుల్లో ఎక్కువ భాగం ఇలా బతికున్న దాతల వల్లే జరుగుతున్నాయి. కానీ లెక్క చూడండి. 1995 నుంచి 2021 దాకా నమోదైన 36,640 మార్పిడుల్లో 29 వేలకు పైగా మగవాళ్ళకే జరిగాయి. ఆడవాళ్ళకు జరిగినవి 6,945. ఇచ్చేవాళ్ళలో మాత్రం ఆడవాళ్ళే ముందు.

'ఆయన సంపాదించే మనిషి గదా, నేను ఏడన్నా కూర్చుని బతుకుతాలే' అని ఆ తల్లి అనుకుంటుంది. మన ఇళ్ళల్లో ఆడబిడ్డ కూర్చుని బతికింది ఎప్పుడు? నాట్లకు పోయేది ఆమె, రొయ్య తలలు గిల్లేది ఆమె, ఇంటికొచ్చి వంట చేసేది ఆమె. ఆమె చేసే పనికి మనం లెక్క కట్టం కాబట్టి ఆమె కిడ్నీకి కూడా లెక్క కట్టడం లేదు. ప్రేమతో ఇచ్చే చేతిని ఎవరూ ఆపకూడదు. కానీ 'నువ్వు కాకపోతే ఎవరిస్తారే' అని అత్తామామలు, బావలు చుట్టూ కూర్చుని అడిగితే అది అడగడం కాదు. 2014 నిబంధనలు కూడా దాత ఆడమనిషి అయితే మరింత జాగ్రత్త పడాలని, ఆమె ఒప్పుదలను అవయవం తీసుకునే మనిషి కాకుండా వేరొకరు నిర్ధారించాలని చెప్పాయి. చట్టానికి ఉన్న ఆ అనుమానం మనకూ ఉండాలి. భార్యకు అవసరమైనప్పుడు భర్త కూడా పరీక్షకు ముందు నిలబడే ఇల్లే సమతను పాటించే ఇల్లు.

చనిపోయినవాళ్ళ నుంచి

అందుకే ఈ బరువు బతికున్న పేదల మీద, ఇంటి ఆడవాళ్ళ మీద పడకుండా ఉండాలంటే మరణానంతర దానం పెరగాలి. బ్రెయిన్ డెడ్ అయిన ఒక మనిషి నుంచి రెండు కిడ్నీలు, కాలేయం, గుండె, ఊపిరితిత్తులు కలిపి ఎనిమిది మంది దాకా ప్రాణం నిలబెట్టవచ్చు. దేశంలో 2013లో అయిదు వేల లోపున్న మార్పిడులు 2023కి 18 వేలు దాటాయి. కానీ ఆ ఏడాది మరణానంతర దాతలు 1,100 మందే. పది లక్షల జనాభాకు ఒక్కరు కూడా లేరు. స్పెయిన్‌లో పది లక్షలకు దాదాపు యాభై మంది.

ఇక్కడ ఒక నిజమైన ధమ్మ సందేహం ఉంది, దాన్ని దాటవేయకూడదు. ఆయువు, వేడి, విజ్ఞానం ఈ మూడూ విడిచినప్పుడే శరీరం కట్టెలా పడి ఉంటుందని సుత్తాల్లో ఉంది. మరి బ్రెయిన్ డెడ్ అన్న మనిషి ఒళ్ళు వెచ్చగానే ఉంటుంది. గుండె కొట్టుకుంటూనే ఉంటుంది. 'వెచ్చగున్న మనిషిని కోస్తారా?' అని తల్లి అడిగితే ఏం చెప్తాం?

ఇలా చెప్పాలి. ఆ శ్వాస మనిషిది కాదు, వెంటిలేటర్‌ది. శ్వాసను నడిపే మెదడు కాండం చనిపోయింది, మళ్ళీ రాదు. కోమా వేరు, ఇది వేరు. కోమాలో మెదడు బతికే ఉంటుంది. ఆ వేడి మిషను ఆడిస్తున్నంత సేపు ఉండే వేడి, అదీ కొద్ది కాలమే. బాబాసాహెబ్ మరణాన్ని వివరిస్తూ శరీరం శక్తిని పుట్టించడం ఆపేయడమే మరణమని, శరీరంలోని ధాతువులు మళ్ళీ ప్రకృతిలోని ధాతువుల్లో కలుస్తాయని, వేరే దేహానికి ఎగిరిపోయే ఆత్మ అంటూ ఏదీ లేదని చెప్పారు. 22 ప్రతిజ్ఞల్లో శ్రాద్ధం పెట్టను, పిండం పెట్టను అని మనం చెప్పుకున్నాం. అలాంటప్పుడు 'కళ్ళిస్తే వచ్చే జన్మలో గుడ్డివాడు అవుతాడు' అనే మాట మన ఇళ్ళల్లో ఇంకా ఎందుకు? బౌద్ధ దేశమైన శ్రీలంకలో డాక్టర్ హడ్సన్ సిల్వా 1961లో నేత్రదాన సంఘం పెట్టారు. అక్కడి ఉపాసకులు ఇచ్చిన కళ్ళు తమ దేశానికే కాదు, ఎన్నో దేశాలకు వెళ్ళాయి.

కొన్ని బౌద్ధ సంప్రదాయాల్లో చనిపోయినవాళ్ళ శరీరాన్ని కొంతకాలం కదిలించకూడదని నమ్ముతారు. అలా నమ్మినవాళ్ళను మనం బలవంతం చేయకూడదు. ఎవరిని బలవంతపెట్టినా అది దానం కాదని ఇప్పటిదాకా చెప్పుకుంటూ వచ్చాం గదా.

మన జిల్లా నేర్పిన పాఠం

బ్రెయిన్ డెడ్ అని ఒక్క డాక్టరు చెప్తే చాలదు. చట్టం ప్రకారం నలుగురు డాక్టర్లు, కనీసం ఆరు గంటల తేడాతో రెండుసార్లు పరీక్షించి రాయాలి. అవయవాలు మార్చే బృందంలోని డాక్టర్లు అందులో ఉండకూడదు. కుటుంబం ఒప్పుకున్నాక దాత శరీరాన్ని నిలిపి ఉంచడానికి, అవయవాలు తీయడానికి అయ్యే ఖర్చు దాత కుటుంబం మీద వేయకూడదు. ఈ మూడు సంగతులు ప్రతి విహారంలో గోడ మీద రాసి పెట్టాలి.

ఎందుకంటే 2019లో మన జిల్లాలో ఒక ఉదంతం జరిగింది. ప్రమాదంలో గాయపడిన ఒక గిరిజన పేదను నెల్లూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేర్చారు. బ్రెయిన్ డెడ్ అన్నారు. కట్టలేని బిల్లును చూపించి కుటుంబాన్ని అవయవదానానికి ఒప్పించారని ఆరోపణ వచ్చింది. జిల్లా కలెక్టరు విచారణ జరిపించారు. తప్పు ఎవరిదో తేల్చేది ఈ వ్యాసం కాదు. కానీ ఒక ఇంట్లో శవం ముందు బిల్లు, పక్కనే సంతకం పెట్టాల్సిన కాగితం కలిసి ఉంటే ఆ సంతకాన్ని ఎవరూ దానం అని పిలవలేరు. అలాంటి ఒక్క ఉదంతం వంద అవగాహన సభలను వృథా చేస్తుంది. ఆ మాట విన్న ప్రతి పేద కుటుంబం రేపు 'బ్రెయిన్ డెడ్' అనగానే మోసం అనుకుంటుంది.

అయితే మానేద్దామా?

మన పెద్దలు అనే మాట ఒకటుంది. 'తాతల నాటి నుంచి మన ఒళ్ళంతా వాళ్ళ పొలాల్లోనే గదా పెట్టింది. చచ్చినాక కూడా ఇంకా ఏంది మనం ఇచ్చేది? మన కిడ్నీ పోయేది కార్పొరేట్ ఆసుపత్రిలో డబ్బున్నోడికే గదా!'

ఈ కోపం న్యాయమైనది. మార్పిడులు ఎక్కువగా ప్రైవేటు ఆసుపత్రుల్లోనే జరుగుతున్నాయి. ఇచ్చేది ఎవరైనా, ఆపరేషనుకూ తర్వాత జీవితాంతం వాడే మందులకూ డబ్బున్నవాడే వరుసలో నిలబడగలుగుతున్నాడు. పేదవాడి గుండె తీసుకునే వ్యవస్థ పేదవాడికి గుండె ఇవ్వలేకపోతే అది సంఘం కాదు.

అయినా మానేద్దాం అనడం ధమ్మం కాదు. రెండు కారణాలు చెప్తాను. మొదటిది, మనం ఇవ్వకపోతే ముందు చచ్చేది మనవాళ్ళే. డబ్బున్నవాడికి ఇంకో దారి దొరుకుతుంది, ఆ దారి దళారీ. చనిపోయినవాళ్ళ దానం తగ్గినకొద్దీ బతికున్న పేదల కిడ్నీకి బజారు పెరుగుతుంది. రెండోది, మైత్రి అంటే మనవాళ్ళ మీద ప్రేమ మాత్రమే కాదు, శత్రువుకు కూడా మేలు కోరడం అని బాబాసాహెబ్ చెప్పారు. నా కిడ్నీ మా కులం వాడికే పోవాలి అనే షరతు చట్టమూ ఒప్పుకోదు, ధమ్మమూ ఒప్పుకోదు. మన నీళ్ళు తాగితే మైల పడతామన్నవాళ్ళ మనవడి ఒంట్లో మన బిడ్డ కిడ్నీ పనిచేస్తుంటే కులం అబద్ధమని దానికన్నా గట్టిగా ఏ ఉపన్యాసం చెప్పగలదు?

కాబట్టి ఇద్దాం. ఇచ్చేవాళ్ళం కాబట్టే అడుగుదాం.

ఏం అడగాలి, ఏం చేయాలి

కేంద్ర సంస్థ నోటో 2023లో సొంత రాష్ట్రం వాళ్ళకే అనే నిబంధనను, 65 ఏళ్ళ వయసు హద్దును, నమోదు ఫీజును తీసేయమంది. ఇవి మంచి అడుగులు. 2008 నుంచి తమిళనాడు మరణానంతర దానాన్ని ఒక పద్ధతిగా నడిపింది. 2023లో దాతలకు ప్రభుత్వ లాంఛనాలతో అంత్యక్రియలు ప్రకటించింది. స్పెయిన్ విజయానికి చట్టం కంటే పెద్ద కారణం ఆసుపత్రుల్లో శిక్షణ పొందిన సమన్వయకర్తలు. వాళ్ళు కుటుంబం పక్కన కూర్చుంటారు, ఏడుపు విన్నాకే మాట్లాడతారు. మనకూ అదే కావాలి. జిల్లా ప్రభుత్వ ఆసుపత్రుల్లో బ్రెయిన్ డెత్ నిర్ధారించే ఏర్పాటు, అవయవాలు తీసే ఏర్పాటు కావాలి. మార్పిడి, ఆ తర్వాతి మందులు ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితంగా అందాలి. ఎవరికి ఏ వరుసలో అవయవం ఇచ్చారో కులం, ఆదాయం, ఆడా మగా వివరాలతో ప్రతి ఏడాది లెక్క బయటపెట్టాలి. బిల్లు మాట్లాడే మనిషి, దానం అడిగే మనిషి ఎప్పుడూ ఒకరే కాకూడదు. కోల్‌కతా – చెన్నై జాతీయ రహదారి మన జిల్లా మధ్యలో పోతోంది. ఆ రోడ్డు మీద తలకు దెబ్బ తగిలి పడిపోయే యువకులు మన పిల్లలే. వాళ్ళ ప్రాణాన్ని కాపాడే ట్రామా కేంద్రం ముందు కావాలి. కాపాడలేకపోతేనే దానం మాట.

ఇక మన ఇంటి పని. దాతగా పేరు నమోదు చేసుకున్నా, చివరికి అడిగేది కుటుంబాన్నే. కాబట్టి బతికి ఉండగానే ఇంట్లో చెప్పండి. ఆదివారం వందన అయ్యాక విహారంలోనే, పిల్లల ముందు చెప్పండి. నమోదుకు ఆధార్‌తో ఇంటర్నెట్‌లో వీలుంది, నోటో ఉచిత ఫోను 1800114770. ఇంట్లో సహజ మరణం జరిగినా ఆరు గంటల లోపు కళ్ళు ఇవ్వవచ్చు. ఆసుపత్రిలో బ్రెయిన్ డెడ్ అంటే భయపడకండి, గట్టిగా అడగండి. ఎవరు పరీక్షించారు? రెండోసారి ఎప్పుడు చేశారు? కాగితంలో ఏం రాసుంది? చదువుకున్న మన పిల్లల్లో ఒకరిద్దరు ఇలాంటి వేళ కుటుంబం పక్కన నిలబడేలా ప్రతి విహారం ఏర్పాటు చేసుకోవాలి. అప్పుల్లో ఉన్న ఉపాసకుడు కిడ్నీ గురించి గొణగడం వింటే, అతనికి నీతి చెప్పకండి. సంఘం కూర్చుని ఆ అప్పు సంగతి చూడండి.

రోగంతో తన మలంలోనే పడి ఉన్న భిక్షువును ఎవరూ పట్టించుకోకపోతే, బుద్ధుడు ఆనందుడితో కలిసి తానే కడిగి, ఎత్తి పడుకోబెట్టాడు. తరువాత భిక్షువులందరినీ పిలిచి, ఒకరికొకరు మీరు చూసుకోకపోతే మిమ్మల్ని ఎవరు చూస్తారని అడిగాడు. తనకు సేవ చేయాలనుకునేవాళ్ళు రోగికి సేవ చేయాలన్నాడు. డయాలసిస్ మిషను పక్కన పడుకుని ఉన్న మనిషి ఈ రోజు ఆ భిక్షువే. అతనికి మనం ఇచ్చేది నిజంగా ఇచ్చినదై ఉండాలి. ఎవరి నుంచీ గుంజుకున్నది కాకూడదు. ఆ తేడాను కాపలా కాయడం శీలం, ఇవ్వడం కరుణ, ఎవరికి చేరినా సంతోషించడం మైత్రి.

నమో బుద్ధాయ! జై భీమ్!